స్పాంజ్ కొన తెల్లబడింది, బతుకుతుందా? ఈ ప్రశ్నకు నా జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హన్మకొండలో ఎనిమిది నెలలుగా 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంక్ నడుపుతున్నారు. అందులో రెండు క్లౌన్ చేపలు, ఇసుక తవ్వే ఒక గోబీ చేప ఉన్నాయి. పన్నెండు రోజుల కింద హైదరాబాద్‌లో 2,200 రూపాయలు పెట్టి చెట్టు కొమ్మల్లా ఉండే నారింజ రంగు స్పాంజ్ కొన్నారు, గిన్నెలు తోమేది కాదు, ప్రాణమున్న సముద్ర జీవి. ఇప్పుడు ఒక కొమ్మ కొన తెల్లబడింది, ఏం చేయాలని అడిగారు. సంప్‌లో, అంటే ట్యాంక్ నీళ్లు తిరిగే ఫిల్టర్ తొట్టిలో, బియ్యపు గింజల్లా తెల్లగా ఏవో పుట్టుకొచ్చాయి, గీకేయాలా అన్నారు. స్పాంజ్‌లు నీళ్లు శుభ్రం చేస్తాయి కదా, ఇంకో రెండు తెస్తే ఫిల్టర్ పని తగ్గుతుందా అన్నది మూడోది.

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైర్ అయినవాణ్ణి. ఇంట్లో ఉప్పునీటి ట్యాంక్ పెట్టి పద్నాలుగేళ్లయింది. స్పాంజ్‌లు చంపుకున్నాను, పెంచుకున్నాను కూడా. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు కొన సంగతి, అది ఆగే పని కాదు. ఈ రాత్రే కొత్త షేవింగ్ బ్లేడు ఒకటి తీసుకుని వేడినీళ్లతో కడగండి. స్పాంజ్‌ను నీళ్లలోంచి పైకి తీయకుండానే, తెల్లబడిన చోటు దాటి బాగున్న నారింజ భాగంలోకి ఒక సెంటీమీటరు లోపలికి వచ్చి కోసేయండి. బాగున్న ముక్క పోతోందని చేయి వెనక్కి లాక్కోవద్దు. కుళ్లు మనకు కనిపించే గీత దగ్గర ఆగదు, అప్పటికే కొంత లోపలికి పోయి ఉంటుంది. కోసిన చోటును టార్చి వేసి చూడండి. లోపల కూడా అదే నారింజ రంగు ఉండి గట్టిగా ఉంటే చాలు. బూడిద రంగులో మెత్తగా కనిపిస్తే ఇంకో సెంటీమీటరు కోయండి. కోసిన ముక్కను మాత్రం బయటికి తీసి వాసన చూడండి. చేపల మార్కెట్ లాంటి నీచు వాసన స్పాంజ్‌కు మామూలే. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే మిగతా కొమ్మలను కూడా రోజూ ఉదయం, రాత్రి చూసుకోవాలి.

కోస్తే చస్తుందేమో అన్న భయం వద్దు. 1907లో విల్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త బతికున్న స్పాంజ్‌ను సన్నటి పట్టుబట్టలో వేసి పిండారు. కణాలన్నీ విడివిడిగా నీళ్లలో పడ్డాయి. కాసేపటికి అవే పాక్కుంటూ ఒకదాన్నొకటి వెతుక్కుని ముద్దలు కట్టి, మళ్లీ స్పాంజ్‌లుగా తయారయ్యాయి. క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా వెనక బెంచీ పిల్లలు కూడా తల ఎత్తి వినేవారు. అలాంటి జీవికి బ్లేడు గాటు పెద్ద లెక్క కాదు. ఆరోగ్యంగా ఉంటే కొద్ది రోజుల్లోనే గాయం మూసుకుంటుంది. దాన్ని చంపేవి వేరే రెండున్నాయి, గాలి ఒకటి, ఆకలి ఒకటి.

గాలి సంగతి. షాపాయన స్పాంజ్‌ను చేత్తో పైకెత్తి చూపించి తర్వాత కవర్లో వేశారని రాశారు. తెల్ల కొనకు మొదటి అనుమానం దాని మీదే. స్పాంజ్ ఒళ్లంతా సన్నటి రంధ్రాలు. ఇంటర్ పుస్తకంలో ఆస్టియా అని చదివుంటారు. వాటిలోంచి నీళ్లు లోపలికి పోయి, సన్నటి కాలువల గుండా తిరిగి, ఆస్క్యులమ్ అనే పెద్ద రంధ్రం నుంచి బయటికి వస్తాయి. ఆ నీళ్లు నడవడమే దానికి ఊపిరి, తిండి, మలవిసర్జన అన్నీ. గుండె లేదు, నోరు లేదు, నరాలు లేవు. నీళ్లలోంచి పైకి తీయగానే కాలువల్లో నీళ్లు జారిపోయి గాలి దూరుతుంది. మళ్లీ ముంచినా ఆ గాలి బయటికి రాదు, సెలైన్ ట్యూబులో బుడగ ఇరుక్కున్నట్టు లోపలే ఉండిపోతుంది. బుడగ ఉన్నచోట నీళ్లు నడవవు, అక్కడి కణాలు చచ్చిపోతాయి, చచ్చిన చోటు కుళ్లి పక్కదానికి అంటుకుంటుంది. కొన్ని స్పాంజ్‌లు, ముఖ్యంగా ఆటుపోట్లకు అలవాటు పడిన రకాలు, కాసేపు గాలిని తట్టుకుంటాయి. మీరు కొన్న కొమ్మల రకం తట్టుకోదు.

కాబట్టి ఇకముందు దాన్ని ఎక్కడికి మార్చాలన్నా ఇలా చేయండి. పెద్ద గిన్నె ట్యాంక్‌లో ముంచి, స్పాంజ్‌ను నీళ్లలోనే గిన్నెలోకి జరిపి, గిన్నె నిండా నీళ్లతో సహా ఎత్తి, రెండో చోట ముంచి వదలాలి. పసిపిల్లకు నీళ్లు పోసేటప్పుడు చెంబు పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకుంటే చాలు, కష్టం ఏమీ లేదు.

ఇక ఆకలి. ఈ జవాబులో ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఇది గుర్తుంచుకోండి. చేప తిండి మానేస్తే వారంలో తెలుస్తుంది. స్పాంజ్ ఆకలితో చస్తుంటే రెండు మూడు నెలలు మనకు తెలియదు. కొన్న రోజు ఎంత రంగుందో అంతే రంగు, అదే ఆకారం. లోపల మాత్రం తన ఒంట్లోని కణాలనే తాను తింటూ కొద్దికొద్దిగా కరిగిపోతుంటుంది. ఒకరోజు పొద్దున లేచి చూస్తే సగం బూడిదగా కనిపిస్తుంది. మనమేమో నిన్నటిదాకా బాగానే ఉంది, నీళ్లలో ఏదో తేడా వచ్చింది అనుకుంటాం. నా మొదటి స్పాంజ్ విషయంలో నేనూ అదే అనుకున్నాను. పన్నెండు వారాలు మెరిసిపోయింది, ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించాను, ఆ తర్వాత నాలుగు రోజుల్లో పోయింది. నీళ్ల టెస్టులన్నీ సరిగ్గానే వచ్చాయి. అది మొదటి రోజు నుంచే పస్తులుందని నాకు అర్థం కావడానికి ఇంకో స్పాంజ్ చావాల్సి వచ్చింది. అందుకే మీ స్పాంజ్ ఇంకో నెల బాగున్నా, కుదురుకుందని అనుకోకండి. కొత్త కొన పెరిగిందా, రాతిని పట్టుకుందా, ఈ రెండూ చూడండి. పెరుగుతున్న స్పాంజ్ ఒక్కటే బాగున్న స్పాంజ్.

మరి అదేం తింటుంది? చేపల మేత కాదు, చేపలకు వేసే ఆర్టీమియా అనే చిట్టి రొయ్యల్లాంటివీ కాదు. దాని లోపలి గదుల్లో కాలర్ కణాలుంటాయి. ఒక్కో కణానికి కొరడా లాంటి తోక, దాని చుట్టూ జల్లెడ లాంటి కాలర్. ఆ జల్లెడకు పట్టేవి మిల్లీమీటరులో వెయ్యో వంతు, రెండు వేలవ వంతు ఉండే బాక్టీరియా, అతి సన్నటి నాచు కణాలు. వాటితోపాటు నీళ్లలో కరిగి ఉన్న సేంద్రియ పదార్థాన్ని కూడా చాలా స్పాంజ్‌లు పీల్చుకుంటాయి. ఇప్పుడు మీ ట్యాంక్ వైపు చూడండి. నురగతో మురికి లాగే స్కిమ్మర్ రాత్రింబగళ్లు తిరుగుతోంది, నీళ్లు వడకట్టే గుడ్డ సంచి (ఫిల్టర్ సాక్) ఉంది, సూక్ష్మజీవులను చంపే యూవీ లైట్ కూడా ఉందని రాశారు. స్పాంజ్ తినేదంతా మనం డబ్బు పెట్టి మరీ తీసి పారబోస్తున్నాం. నీళ్లు అద్దంలా ఉన్నాయని మనం సంతోషిస్తాం, స్పాంజ్‌కు అది ఖాళీ కంచం.

దాని కంచంలో ఏమన్నా పడాలంటే ముందు యూవీ ఆపేయండి. ఫిల్టర్ సాక్ తీసేయండి, లేదా వారానికి ఒక్కరోజే పెట్టండి. స్కిమ్మర్ ఉండనివ్వండి, కానీ మేత వేశాక రెండు మూడు గంటలు ఆపండి. చేపల వ్యర్థాల నుంచి వచ్చే నైట్రేట్ లీటరుకు 5 నుంచి 15 మిల్లీగ్రాముల మధ్య ఉంటే కంగారు పడొద్దు, సున్నా కోసం వెంటపడొద్దు.

మేతకు నా దగ్గర నడిచింది ఇంట్లో పెంచిన నాచు నీళ్లు. నానోక్లోరాప్సిస్ అనే ఆకుపచ్చ నాచు, కణం 2 నుంచి 3 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), స్పాంజ్‌కు సరిపోయే సైజు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా కడిగి, ట్యాంక్ కంటే కొద్దిగా తక్కువ ఉప్పుతో నీళ్లు కలిపి, నాచుకు వేసే ఎఫ్/2 ఎరువు చుక్కలు వేసి, కొద్దిగా విత్తన నాచు పోసి, సన్నటి పైపుతో గాలి వదలాలి. పక్కన ఒక ఎల్‌ఈడీ బల్బు. వారం పది రోజుల్లో చిక్కటి ఆకుపచ్చ రంగు వస్తుంది. సగం వాడుకుని సగం కొత్త నీళ్లతో నింపుకుంటూ పోవచ్చు. ఏప్రిల్, మేలో గది వేడికి ఈ సీసాలు ఒక్కరాత్రిలో పసుపు రంగుకు తిరిగి పాడైపోతాయి, అందుకని ఒక చిన్న సీసా ఎప్పుడూ ఫ్రిజ్‌లో దాచుకోండి, రోజుకోసారి కదిపితే చాలు. 200 లీటర్లకు రోజూ 20 మిల్లీలీటర్లతో మొదలుపెట్టండి, రెండు వారాలకొకసారి కొంచెం పెంచండి. కొనే డబ్బాల్లోని చచ్చిన నాచు పేస్టు కూడా పనిచేస్తుంది, కానీ ఒక చుక్క ఎక్కువైతే నీళ్లు పాడవుతాయి.

మేత అందుతోందా లేదా కళ్లతో చూడొచ్చు. రాత్రి లైట్లు ఆర్పేశాక, పంపులన్నీ ఐదు నిమిషాలు ఆపండి. సూది తీసేసిన సిరంజిలో ఆ ఆకుపచ్చ నీళ్లు కొద్దిగా పట్టి, స్పాంజ్ కొమ్మకు పక్కగా, వేలెడు దూరంలో, మెల్లగా వదలండి. పక్క నుంచి టార్చి వేయండి. నీళ్లలో పచ్చటి మబ్బు ముందు అలాగే నిలబడుతుంది. కొద్దిసేపటికి స్పాంజ్ ఒంటికి దగ్గరగా ఉన్న అంచు లోపలికి వంగుతుంది, పొగను ఎవరో పీల్చుకున్నట్టు. మబ్బు పలచబడుతుంది. ఇటు ఆస్క్యులమ్ మీద టార్చి పెడితే, అందులోంచి నీళ్లు సన్నటి ధారలా పైకి లేవడం, అక్కడ తేలుతున్న ధూళి కణాలు ఎగిరిపోవడం కనిపిస్తుంది. రాయిలా కదలకుండా కూర్చున్నదాని లోపల అంత పని జరుగుతోందని మొదటిసారి చూసినప్పుడు నేను టార్చి పట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. మీ దాంట్లో మబ్బు కదలకపోతే, ఆస్క్యులమ్ మూసుకునే ఉంటే, అది ఇంకా షాక్‌లో ఉంది. మూడు రోజులు ఆగి మళ్లీ చూడండి. పది రోజులైనా అంతే అయితే ఆశ పెట్టుకోవద్దు.

దాన్ని ఎక్కడ పెట్టారో మీరు రాయలేదు. లైటు కింద, ఇసుక మీద పెట్టి ఉంటే మార్చండి. ఈ నారింజ రకానికి లైటు అక్కర్లేదు. ఎక్కువ లైటు పడితే ఒంటి మీద నాచు పట్టి రంధ్రాలు మూసుకుపోతాయి. ఇసుక మీద ఉంటే గోబీ తవ్విన ఇసుక దాని మీద పడుతుంది. రాతి చూరు కింద, నీటి ప్రవాహం పక్కగా తగిలే చోట పెట్టండి. పంపు ధార నేరుగా తగలకూడదు. చేపలు పట్టే నైలాన్ దారంతో వదులుగా కట్టండి, రాతిని పట్టుకున్నాక దారం తీసేయొచ్చు. వారానికి రెండుసార్లు పెద్ద సిరంజితో ట్యాంక్ నీళ్లే చిమ్మి ఒంటి మీది దుమ్ము దులపండి. లైటుతో బతికే స్పాంజ్‌లు కూడా ఉన్నాయి, కొల్లోస్పాంజియా అనే నీలి రకం లాంటివి. వాటి ఒంట్లో ఉండే సూక్ష్మజీవులు వెలుతురుతో వండిపెడతాయి. అవి వేరే కథ, నాచు అంటుకోకుండా చూస్తే వాటిని నిలబెట్టడం కాస్త సులువు.

రెండో ప్రశ్నకు వస్తాను. ఆ బియ్యపు గింజలను గీకొద్దు! దయచేసి గీకొద్దు. మీరు రాసినదాన్ని బట్టి అవి సైకాన్ జాతి చిన్న స్పాంజ్‌లు. ఒక్కోటి అర సెంటీమీటరు, ఒళ్లంతా సన్నటి నూగు, కొనకు చిన్న కిరీటంలా వెంట్రుకలు, మధ్యలో ఒక రంధ్రం. భూతద్దం పెట్టి చూడండి, కచ్చితంగా ఆ కిరీటం కనిపిస్తుంది. ఇవి ఎవరినీ ఏమీ చేయవు. చీకట్లో, మెల్లగా నీళ్లు పారే చోట వాటంతట అవే పెరుగుతాయి. కొత్త ట్యాంక్‌లో ఒక్కసారిగా వందలు పుట్టి, కొన్ని నెలలకు తగ్గిపోతాయి కూడా. తగ్గితే భయపడొద్దు. వాటి తర్వాత అదే చోట తెల్లటి, పసుపు, బూడిద రంగు పొరల్లా ఇంకో రకం స్పాంజ్‌లు రాళ్ల అడుగున, పైపు లోపల పాకుతాయి. నా సంప్‌లో ఓవర్‌ఫ్లో పైపు లోపలంతా ఇప్పుడు అవే.

నా అసలు మాట ఇక్కడే చెప్తాను. ఇంట్లో స్పాంజ్ పెంచాలంటే దారి ఈ తెల్ల గింజలదే, షాపులో రంగు కొమ్మలది కాదు. వాటంతట అవి వచ్చినవంటే మీ నీళ్లలో దొరికే తిండి వాటికి సరిపోతోందని అర్థం. వాటికి లైట్లు లేని ఒక గది ఇవ్వండి. సంప్‌లో ఒక అర నల్లటి అక్రిలిక్ షీటుతో మూసి, నాలుగు గరుకు రాతి ముక్కలు వేసి, నీళ్లు మెల్లగా పారేలా చేసి, ఆర్నెల్లు చేయి పెట్టకుండా వదిలేయండి. రంగులు ఉండవు, ఫొటోలకు పనికిరావు. కానీ ఒకరోజు టార్చి వేసి ఆ చీకటి అరలోకి చూడండి, గోడలన్నీ ప్రాణంతో నిండి ఉంటాయి.

ఫిల్టర్ గురించి. పాఠ్యపుస్తకాల్లో ఒక లెక్క ఉంది. పది సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు మందం ఉన్న ల్యూకోనియా స్పాంజ్ రోజుకు 22.5 లీటర్ల నీళ్లు తోడుతుంది. అంటే మీ ట్యాంక్ మొత్తాన్ని తొమ్మిది రోజుల్లో ఒక్క వేలంత జీవి వడకడుతుంది. అది నిజమే. కానీ వడకట్టినదంతా మాయం కాదు. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చూపించింది ఇదే. పగడపు దిబ్బల స్పాంజ్‌లు నీళ్లలో కరిగిన పదార్థాన్ని తినేసి, తమ పాత వడపోత కణాలను గబగబా రాల్చేస్తాయి. ఆ రాలిన కణాలను పీతలు, పురుగులు, నత్తలు తింటాయి. ఎవరికీ అందని కరిగిన తిండి ఇలా అందరికీ అందే ముక్కలుగా మారుతుంది. కాబట్టి స్పాంజ్ మీ ట్యాంక్‌కు వంట మనిషి లాంటిది, చెత్తబండి కాదు. స్కిమ్మర్ పని, నీళ్లు మార్చే పని అది చేయదు. ఇంకో రెండు కొని తెస్తే ఇంకో రెండు ఆకలి నోళ్లు పెరుగుతాయంతే.

మన ఊరి సంగతి కొంత చెప్పాలి, ఎందుకంటే సముద్రపు ఒడ్డున ఉన్నవాళ్లు రాసే సలహాలు మనకు సగమే పనికొస్తాయి. వరంగల్ నుంచి ఎటు చూసినా సముద్రం 200 కిలోమీటర్లకు పైనే. మేలో బయట 44 దాటుతుంది, ఏసీ లేని గదిలో ట్యాంక్ నీళ్లు 32, 33కు పోతాయి. స్పాంజ్‌కు కావాల్సింది 24 నుంచి 27. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, బాక్టీరియా ఎక్కువ, చిన్న గాయం కూడా కుళ్లుగా మారుతుంది. చిల్లర్ కొనగలిగితే కొనండి. లేకపోతే సంప్ మీద రెండు చిన్న ఫ్యాన్లు పెట్టండి. మన పొడి ఎండకు కూలర్ ఎలా పనిచేస్తుందో ఇదీ అలాగే పనిచేస్తుంది, రెండు మూడు డిగ్రీలు దించుతుంది. వానాకాలం ఉక్కలో మాత్రం ఫ్యాన్లతో పెద్దగా లాభం ఉండదు.

ఫ్యాన్లు పెడితే నీళ్లు ఆవిరవుతాయి, 200 లీటర్ల ట్యాంక్‌లో ఎండాకాలం రోజుకు నాలుగైదు లీటర్లు పోవచ్చు. నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒక మే నెలలో జగిత్యాలలో పెళ్లికి మూడు రోజులు పోయాం. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, అంతా బాగుందనుకున్నాను. సంప్‌లో నీటిమట్టం తగ్గి, సంప్ నీళ్లను ట్యాంక్‌లోకి పంపే రిటర్న్ పంపు నీళ్లతో పాటు గాలి పీల్చింది. ఆ గాలి సన్నటి బుడగలై ట్యాంకంతా పాల నీళ్లలా నిండింది. తిరిగొచ్చేసరికి చేపలు బాగానే ఉన్నాయి. రెండేళ్లుగా పెరుగుతున్న పసుపు బంతి స్పాంజ్ ఒంటి నిండా బుడగలు మెరుస్తున్నాయి. చేత్తో గాలి విసిరినట్టు నీళ్లు కదిపి కొన్ని వదిలించాను, లోపలివి పోలేదు. వారానికి బూడిద రంగు వచ్చింది. అప్పటి నుంచి ఆవిరైన నీళ్లు దానంతట అదే నింపే ఆటో టాప్అప్ లేకుండా ఊరు దాటలేదు. మీరు వేరే ఏది వాయిదా వేసినా ఇది కొనండి. ఆర్వో నీళ్ల డబ్బాకు, ఫ్లోట్ స్విచ్‌కు, చిన్న పంపుకు అయ్యే ఖర్చు మీ స్పాంజ్ ధర కంటే ఎక్కువేమీ కాదు. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఎయిర్ పంపు పెడతారు కదా, దాని బుడగలు వదిలే రాయిని స్పాంజ్‌కు దూరంగా, రెండో మూలన పెట్టండి.

బోరు నీళ్ల గురించి కూడా అడగకుండానే చెప్తున్నాను. మనది గ్రానైట్ నేల, బోరు నీళ్లలో సిలికా (ఇసుకలో, గాజులో ఉండే పదార్థం) బాగానే ఉంటుంది. ఆర్వో చాలావరకు ఆపుతుంది, దాని తర్వాత పెట్టే డీఐ రెజిన్ గింజలు మిగతాది పడతాయి. అయితే రెజిన్ అయిపోవడం మొదలైతే ముందు జారిపోయేది సిలికానే, నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు అప్పటికీ సున్నా చూపిస్తుంటుంది. అద్దం మీద గోధుమ రంగు పొడి పొర వస్తే అదే కారణం కావొచ్చు. అందరూ సిలికాను శత్రువులా చూస్తారు. చాలా స్పాంజ్‌ల అస్థిపంజరం ఆ సిలికాతోనే తయారవుతుంది. కంటకాలని పుస్తకంలో చదివాం కదా, అవే సన్నటి గాజు సూదులు. కాబట్టి గోధుమ పొర కాస్త ఉంటే అద్దం తుడుచుకోండి, అంతకంటే పోరాడొద్దు. అలాగని బోరు నీళ్లు నేరుగా వాడొద్దు, సిలికా మందులు సీసాలో కొని పోయొద్దు. ఉప్పు మాత్రం అక్వేరియం కోసం తయారుచేసిన సముద్రపు ఉప్పే, లీటరుకు సుమారు 35 గ్రాములు. వంటింటి ఉప్పు కాదు. చేపలకు తెల్లమచ్చలు వస్తే కాపర్ మందు ఈ ట్యాంక్‌లో పడకూడదు, చేపను వేరే డబ్బాలోకి తీసి వైద్యం చేయండి. కాపర్ స్పాంజ్‌ను చంపేస్తుంది.

మీ ప్రశ్న చివర్లో ఏంజెల్ చేప తేవాలనుకుంటున్నట్టు ఒక ముక్క ఉంది. స్పాంజ్ ఉంచుకోవాలంటే వద్దు. పెద్ద ఏంజెల్ చేపలకు సముద్రంలో ముఖ్య ఆహారం స్పాంజ్‌లే. చిన్నవి కూడా కొరికి చూస్తాయి.

ఇక స్పాంజ్‌లు ఎక్కడి నుంచి వస్తున్నాయన్నది. షాపులో అడిగితే తమిళనాడు వైపు నుంచి అంటారు. అక్కడి మన్నార్ గల్ఫ్‌లోని 21 దీవులను కలిపి 1986లో సముద్ర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 2001లో కాల్షియం అస్థిపంజరం ఉన్న స్పాంజ్‌లన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి తెచ్చారు. రాతి పగడాలకు ఆ చట్టంలో అత్యున్నత రక్షణ ఉంది, అంటే లైవ్ రాక్ (సముద్రం నుంచి తెచ్చి ట్యాంకులకు అమ్మే రాళ్లు) పేరుతో పగడపు ముక్క కొన్నా తప్పే. చట్టం మాట పక్కన పెట్టినా, రాతి నుంచి పీకి, ఎండలో ఎత్తి, కవర్లో వేసి, రైలెక్కించి తెచ్చిన స్పాంజ్‌లో ఎన్ని మన ట్యాంకుల దాకా బతికొస్తాయో మీరే చూస్తున్నారు. నేను కొనడం మానేసి ఎనిమిదేళ్లయింది. నా దగ్గరున్నవన్నీ మిత్రుల సంప్‌లలోంచి నాచు ముద్దతో, నత్త గుల్లతో కలిసి వచ్చినవే. సిరామిక్ రాళ్ల మీదే పెరిగాయి.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి, స్పాంజ్‌లు మన చెరువుల్లోనూ ఉన్నాయి. మంచినీటి స్పాంజ్‌లు. 1911లోనే నెల్సన్ అనండేల్ అనే జంతుశాస్త్రవేత్త ఇక్కడి మంచినీటి స్పాంజ్‌లు, మరికొన్ని చిన్న జీవుల మీద ఒక పుస్తకం రాశారు. చిన్నప్పుడు మా ఊరి చెరువు తూము దగ్గర, నీళ్లు తగ్గినప్పుడు, నానిన కర్ర మీద ఆకుపచ్చని మెత్తటి పెచ్చు కనిపిస్తే నాచు అనుకునేవాళ్లం. రుద్దితే వేళ్లు దురద పెట్టేవి. అది నాచు కాదని, ఆ దురద గాజు సూదులదని డిగ్రీలో తెలిసింది. చెరువు ఎండితే ఆ స్పాంజ్ చనిపోతుంది, కానీ జెమ్యూల్స్ అనే గసగసాల్లాంటి గింజలు వదిలి పోతుంది. అవి ఎండను తట్టుకుని, మళ్లీ వానలకు నీళ్లు రాగానే మొలకెత్తుతాయి. ఈసారి మీ ఊరి చెరువు గట్టున నడిచేటప్పుడు నీళ్లలో నానే కర్రలు తిప్పి చూడండి. ఉప్పునీటి ట్యాంక్‌లో మాత్రం వేయకండి, చస్తాయి.

మళ్లీ మీ నారింజ స్పాంజ్ దగ్గరికి. కోసిన తర్వాత నాలుగు రోజుల్లో తెలుపు మళ్లీ వచ్చి, కిందికి దిగుతూ ఉంటే, సగం పైగా మెత్తబడితే, ఇంకా ఆశగా ఉంచకండి. బాగున్న ఒక కొమ్మ ముక్క ఏదైనా ఉంటే కోసి గిన్నెతో సంప్ చీకటి అరలోకి మార్చి, మిగతాదాన్ని బయటికి తీసేయండి. ట్యాంక్‌లోనే కుళ్లనిస్తే అమ్మోనియా లేస్తుంది, కొన్ని స్పాంజ్‌ల ఒంట్లో విషాలు కూడా ఉంటాయి, చేపలు ఇబ్బంది పడతాయి. తీసిన రోజే యాక్టివేటెడ్ కార్బన్ (నీళ్లలోని విషాలు పట్టే బొగ్గు) వేయండి, నీళ్లు నాలుగో వంతు మార్చండి. ఆ డబ్బులు పోయాయన్న బాధ ఉంటుంది, తెలుసు. చిన్న ముక్క బతికినా ఏడాదికి మీ చేతిలో పెరిగిన స్పాంజ్ అవుతుంది.

చీకటి అర సిద్ధం చేశాక ఇక్కడే రాయండి, నా సంప్‌లోని నాచు ముద్ద ఒకటి ఇస్తాను. దాని పోగుల్లో సైకాన్‌లు, పసుపు పొర స్పాంజ్ రెండూ ఉన్నాయి. డబ్బులేమీ వద్దు. వచ్చేటప్పుడు బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చుకోండి. గాలి బుడగ ఒక్కటి కూడా మిగలకుండా అంచు దాకా నీళ్లు నింపి, నీళ్లలోనే మూత పెట్టి ఇస్తాను. మీరు కూడా ఇంటికెళ్లాక సంప్‌లో ముంచిన తర్వాతే మూత తీయండి.